పాలరేవులో నమ్మక నిర్మాణం

ప్రభుత్వం వంతెనలు కడుతుందని, బడి గదులు కడుతుందని, కట్టినవి కొన్నాళ్ళు నిలబడతాయని మా పాలరేవు జనానికి ముందే తెలుసు. నమ్మకాన్ని కూడా ప్రభుత్వమే కడుతుందని, దానికీ ఒక గడువు ఉంటుందని మాత్రం మత్స్యశాఖ వారి దయవల్లనే తెలిసింది.

మా ఊళ్ళో ఏరు సముద్రంలో కలిసేచోటుని మొగ అంటారు. ఆ మొగ పక్కన అలల్ని ఆపడానికి హార్బరు వాళ్ళు పోసిన నల్లరాళ్ళ గట్టు ఒకటి ఉంది. సాయంత్రమైతే గాలం కర్రలు పట్టుకుని కొంతమంది ఆ గట్టు మీద చేరతారు. వీళ్ళు జాలర్లు కారు. జాలర్లు పొట్ట నింపుకోవడానికి పడవలేసుకుని లోపలికి వెళతారు. వీళ్ళు పొట్ట నింపుకున్నాక గట్టు మీదికి వస్తారు. పళ్ళ డాక్టరు కోదండపాణి, లారీ ఆఫీసులో పనిచేసే పైడిరాజు, పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఎస్తేరమ్మ వీళ్ళలో ముఖ్యులు. ఊళ్ళో సగం మందిని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి ఏడిపించిన చెయ్యి ఎస్తేరమ్మది. అందుచేత ఆడమనిషికి గాలమెందుకని ఆవిడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందరూ సిస్టరమ్మా అని పిలుస్తారు.

వీళ్ళందరికీ కావలసింది పండుగప్ప. మిగతా చేపలు పడితే కూర. పండుగప్ప పడితే కథ. కథ చెప్పేటప్పుడు రెండు చేతులూ చాచి చేప పొడుగు చూపించాలి. ఎంతవరకు చాచాలన్నది వాళ్ళవాళ్ళ భుజబలాన్ని బట్టి ఉంటుంది.

మూడేళ్ళ కిందట మత్స్యశాఖ వారు మొదటిసారి గట్టు మీదికి వచ్చి, ఏడాదిలో ఎవరికెన్ని చేపలు పడ్డాయని అడిగారు. అంతవరకు గాలం వాళ్ళ కథల్ని ఇంట్లో పెళ్ళాలు కూడా విని ఎరగరు. అలాంటిది సాక్షాత్తూ ప్రభుత్వమే కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. పైడిరాజు ఆ రోజు చాచిన చేతులు సాయంత్రం దాకా దించలేదు. శాఖ వారు చెప్పినవన్నీ శ్రద్ధగా రాసుకుని, శ్రద్ధగా కూడారు. కూడితే, హార్బరులోని పడవలన్నీ కలిసి పట్టిన చేపల కన్నా గట్టు మీద సరదాకి కూర్చున్నవాళ్ళు పట్టినవే ఎక్కువని తేలింది. శాఖ గుండెలు బాదుకుంది. గట్టు మీద గాలం నిషేధిస్తూ బోర్డు పాతింది.

మరుసటేడు మళ్ళీ అడిగారు. గాలం వాళ్ళు ఈసారి తెలివి తెచ్చుకుని, ఏమీ పడలేదన్నారు. అందరూ అదే మాటన్నారు. శాఖ వారు సున్నాలన్నీ కూడి, పాలరేవు నీళ్ళలో పండుగప్ప అంతరించిపోయిందని ప్రకటించారు. అంతరించిపోయిన చేపను కాపాడటానికి గట్టును మళ్ళీ మూసేశారు.

ఉన్నాయన్నా మూస్తారు, లేవన్నా మూస్తారు అని అర్థమయ్యాక గాలం వాళ్ళు శాఖతో మాట్లాడటం మానేశారు. నిషేధం గడువు తీరిపోయిన రోజున ఆ బోర్డు పెరికి, ఎర ముక్కలు కోసుకునే చెక్కగా వాడుకోవడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా వేసవిలో రాజధాని నుంచి ‘పరస్పర నమ్మక నిర్మాణ పథకం’ వచ్చింది. అదే సమయానికి మా ఊరికి కొత్త ఉప సంచాలకుడు చక్రధరం వచ్చాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని కింద పెట్టడం తెలియనివాడు, అంతే. ఆయన తన కింద పనిచేసే మత్స్య అభివృద్ధి అధికారిణి హైమవతిని పిలిచాడు.

“మనకూ, గాలం వర్గాలకూ మధ్య నమ్మకం లోపించినట్లు పైవారు గుర్తించారు. సదరు లోపాన్ని వర్షాకాలం లోపల భర్తీ చేయవలసి ఉన్నది” అన్నాడు.

“సార్, మనం రెండుసార్లు గట్టు మూసేశాం. వాళ్ళు దాని గురించి...”

“గతం గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు.”

“నమ్మకం వచ్చిందని ఎలా తెలుస్తుంది సార్?”

“శాతాల్లో తెలుస్తుంది. ప్రస్తుతానికి సున్నా అని వేయండి. సున్నా దగ్గర మొదలుపెడితే ప్రగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.”

హైమవతి సున్నా వేసింది. ఆ ఆఫీసులో ఆ ఏడాది రాసిన అంకెల్లో అది అసలుకి చాలా దగ్గరగా ఉంది.

గట్టు మొదట్లో షామియానా వేశారు. ‘నమ్మండి’ అని ఎర్రటి అక్షరాలతో బేనరు కట్టారు. బూందీ, టీ ఇచ్చారు. చక్రధరం మైకు ముందు నిలబడి, చేపకూ నీటికీ ఉన్న సంబంధమే ప్రజలకూ శాఖకూ ఉండాలని ఆకాంక్షించాడు. ఇందులో చేప ఎవరో చెప్పలేదు. తరవాత అందరికీ తలా ఒక పత్రం పంచారు. ‘నేను ఎవరి ఒత్తిడీ లేకుండా మత్స్యశాఖను నమ్ముతున్నాను’ అని అందులో అచ్చువేసి ఉంది.

కోదండపాణి పత్రాన్ని వెలుతురుకి పెట్టి, ఎక్స్‌రే చూసినట్టు చూశాడు. “సంతకం పెట్టకపోతే ఏమవుతుందండీ?”

“ఇది సంపూర్ణంగా స్వచ్ఛందం డాక్టరు గారూ. ఎవరినీ బలవంతపెట్టే ఉద్దేశం శాఖకు లేదు” అన్నాడు చక్రధరం. “సంతకం పెట్టనివారి గాలాలు మాత్రం స్వాధీనం చేసుకుంటాము.”

అందరూ సంతకాలు పెట్టారు. పొద్దున్న సున్నాగా ఉన్న నమ్మకం మధ్యాహ్నం భోజనాల వేళకి నూరు శాతానికి చేరింది. ఇంత వేగంగా మా జిల్లాలో ఏదీ ఎప్పుడూ పెరగలేదు, ఏట్లో వరద తప్ప.

చక్రధరం సంతోషంగా ఆ వార్త పైకి పంపాడు. పైవాళ్ళు మెచ్చుకుని, ఒక్క లోపం చూపించారు. పథకం పేరులో ‘పరస్పర’ అని ఉంది. వాళ్ళు మనల్ని నమ్మారు సరే, మనం వాళ్ళని నమ్మినట్టు ఆధారమేది అని అడిగారు.

అక్కడ పని కాస్త చిక్కుపడింది. జనం నమ్మడానికి ఒక సంతకం చాలు. ప్రభుత్వం నమ్మాలంటే ఊరికే అవుతుందా? ఒక్కొక్క గాలం మనిషీ నమ్మదగినవాడేనని ఇద్దరు గెజిటెడ్ అధికారులు ధ్రువీకరించాలని చక్రధరం నిర్ణయించాడు. ఆ ఇద్దరూ నమ్మదగినవారేనని వారి పై అధికారి ధ్రువీకరించాలి. పోలీసుస్టేషన్ నుంచి చెడు నమ్మకాలేవీ లేవని ఒక చీటీ కావాలి. పుట్టినతేదీకి రుజువు సరేసరి.

ఎస్తేరమ్మ ఆఫీసుకి వచ్చి బల్ల ముందు కూర్చుంది.

“బాబూ, ఈ గదిలో ఉన్నోళ్ళలో సగం మంది పుట్టేరని సాక్ష్యం నేను. నేను పుట్టేనని సాక్ష్యం ఎవరిని తెమ్మంటావు?”

గుమస్తాలిద్దరు తలలు దించుకున్నారు. చక్రధరం కూడా ఇబ్బంది పడ్డాడు. “మీ విషయంలో ప్రత్యేక పరిశీలన చేస్తామమ్మా. అంతవరకు మిమ్మల్ని తాత్కాలికంగా నమ్ముతాము.”

“ఎన్నాళ్ళు?”

“ఉత్తర్వులు వచ్చేవరకు.”

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. తాత్కాలికంగా నమ్మబడినవాళ్ళు గట్టు మీద ఎడమవైపు, పూర్తిగా నమ్మబడినవాళ్ళు కుడివైపు కూర్చోవాలని ఆ వారమే సున్నంతో గీత గీశారు. కుడివైపు, కాగితాలన్నీ తేగలిగిన కోదండపాణి ఒక్కడే కూర్చునేవాడు. ఆయనకి ఊసుపోక, గీతకి ఆనుకుని ఇటువైపు వాళ్ళతో మాట్లాడుతుండేవాడు. దీన్ని సరిహద్దు ఉల్లంఘన అనాలా, సత్సంబంధం అనాలా అని శాఖ పైవాళ్ళని వివరణ కోరింది.

వివరణకి బదులు రాజధాని నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. తెల్ల బూట్లు వేసుకున్న నవ్వుముఖం కుర్రాడు. నమ్మకం అనేది కాగితాల్లో ఉండదని, శరీరంలో ఉంటుందని ఆయన చెప్పగానే చక్రధరం ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అయినా పై నుంచి వచ్చినవాడు కాబట్టి తలాడించాడు.

“ఒకరు కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి. వెనకున్నవాళ్ళు పట్టుకోవాలి. అంతే. ఈ ఒక్క అభ్యాసంతో పదేళ్ళ అపనమ్మకం పోతుంది” అన్నాడు శిక్షకుడు.

“ఎవరు పడాలి?” అని అడిగాడు కోదండపాణి.

“అధికారంలో ఉన్నవాళ్ళు పడితేనే ఫలితం బాగుంటుంది.”

గట్టు చివర, నీటి పక్కన, ఎత్తయిన రాయి మీద చక్రధరం నిలబడ్డాడు. వెనక పల్లంగా, నడుమ నీళ్ళున్న రెండు రాళ్ళ మీద కోదండపాణి, పైడిరాజు, మరో నలుగురు రెండు వరసలుగా చేతులు చాచి నిలబడ్డారు. అభ్యాసమైపోగానే మళ్ళీ కూర్చోవచ్చని పైడిరాజు గాలం కర్రని తీసెయ్యకుండా రాళ్ళ సందులో గుచ్చి వచ్చాడు. హైమవతికి అది కనబడింది. చెప్పాలా వద్దా అని ఆమె అనుకునేలోపలే శిక్షకుడు “మనసులో భయం ఉంచుకోకండి సార్” అన్నాడు. చక్రధరం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పాపం, ఆయన నిజంగానే నమ్మాడు. చేతులు గుండెల మీద పెట్టుకుని చెట్టు కూలినట్టు వెనక్కి వాలాడు.

సరిగ్గా అప్పుడే పైడిరాజు గాలం కర్ర విల్లులా వంగి, దానికున్న దారపు చక్రం కిర్రుమని తిరిగింది.

పన్నెండు చేతులూ ఒక్కసారిగా అటు తిరిగాయి. అందులో దురుద్దేశం ఏమీ లేదు. పండుగప్ప లాగినప్పుడు చేతులు ఎవరి మాటా వినవు. చక్రధరం వాళ్ళ మధ్యలోంచి, ఎవరికీ ఏ శ్రమా లేకుండా, నేరుగా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

అక్కడ లోతు నడుం దాకానే ఉన్నా అల తోస్తోంది. అందరికన్నా ముందు తేరుకున్నది ఎస్తేరమ్మ. పెద్ద చేపల్ని పైకి లాక్కునే పొడుగాటి కొక్కెం కర్ర తీసుకుని, ఆయన బెల్టుకి తగిలించి, “కాళ్ళు కొట్టుకోకు బాబూ, ఊపిరి పీల్చి వదులు. పీల్చి వదులు” అంటూ, అలవాటైన పద్ధతిలో బయటికి లాగింది. అటుపక్క పైడిరాజు తన చేపని గట్టుకి చేర్చాడు. కాసేపు జనానికి ఏ వైపు చూడాలో తెలియలేదు. చివరికి ఎక్కువమంది చేపవైపే చూశారు. అది నిజంగా పెద్దది. చేతులు చాచి చూపించవలసిన అవసరం లేనంత పెద్దది.

శిక్షకుడు మాత్రం నిరుత్సాహపడలేదు. “పడినవారు నమ్మారు. పట్టుకోవలసినవారు పట్టుకోలేదు. సగటు తీస్తే యాభై శాతం” అని రాసుకుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం హైమవతి ఒక్కతే గట్టు మీదికి వచ్చింది. చేతిలో కాగితాలు లేవు. సున్నపు గీత దాటి, తాత్కాలికంగా నమ్మబడినవాళ్ళ వైపు, ఎస్తేరమ్మ పక్కన కూర్చుంది. ఆవిడ గాలం మీంచి కళ్ళు తిప్పలేదు.

“మీ సారుకి ఒంట్లో ఎలాగుంది?”

“జలుబు చేసిందమ్మా. సెలవు పెట్టారు.”

“ఆవిరి పట్టమను.” దారం కొంచెం బిగించి, “ఒక మాట అడుగుతాను. చెప్పాలనిపిస్తే చెప్పు. మూడేళ్ళ కిందట ఈ గట్టు ఎందుకు మూసేసేరు?” అంది.

హైమవతి రాయి మీద సర్దుకు కూర్చుంది. అప్పుడు కూడిక చేసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

“మీరు చెప్పిన చేపలన్నీ కూడి చూశామమ్మా. పైడిరాజు గారు చేతులు చాచి చూపించినవి కూడా ఉన్నవున్నట్టు కూడేశాం. అన్ని చేపలు ఈ మొగలో ఉండవని నాకు అనుమానం వచ్చింది. కానీ మా వాళ్ళెవరూ ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా చెప్పలేదు. మరుసటేడు మీరు కోపంతో లేవన్నారని కూడా తెలుసు. తప్పు మాదే.”

ఎస్తేరమ్మ అప్పుడు తల తిప్పి చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక గాలం కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

“కోతలు మావి, కూడికలు మీవి. మధ్యలో చేప ఏం చేసింది తల్లీ?”

“చేపలు నిజంగానే తగ్గాయమ్మా. నిన్న పైడిరాజు గారికి పడినదానిలాంటివి ఇప్పుడు ఎన్ని పడుతున్నాయి?”

“అది ఈ ఏడు మొదటిది. కోస్తే కడుపు నిండా గుడ్లే.” ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. “నాకూ ఓ ముక్క పంపేడు.”

“పెద్దవన్నీ అంతేనమ్మా. పండుగప్ప చిన్నప్పుడు మగది. పెరిగి పెద్దదయ్యాక ఆడదవుతుంది. వానలు పడగానే గుడ్లు పెట్టడానికి ఈ మొగకే వస్తాయి. మనం గొప్పగా చెప్పుకునే పెద్ద చేపలన్నీ తల్లులే.”

ఎస్తేరమ్మ నీళ్ళవైపు చూసింది. ముప్ఫై ఏళ్ళకి పైగా కాన్పులు చేసిన మనిషి. వార్డులో రాత్రిళ్ళు, పురిటి నొప్పుల్తో వచ్చినవాళ్ళకి మంచాలు చాలకపోతే తన కుర్చీ ఇచ్చి నిలబడ్డ మనిషి. ఈ గట్టు మీద ఎన్ని వానాకాలాలు కూర్చుందో ఆవిడకే తెలియదు.

“ముందే ఎందుకు చెప్పలేదు మీరు?” అంది.

“మేం బోర్డు పెట్టామమ్మా. చెప్పలేదు.”

ఆవిడ దారం చుట్టేసింది. గట్టు మీద ఉన్నవాళ్ళందరినీ, గీతకి అటువైపున్న కోదండపాణితో సహా, దగ్గరికి పిలిచింది. విన్నది విన్నట్టు చెప్పి, వానలు పడ్డప్పటి నుంచి గుడ్ల కాలం అయ్యేదాకా మొగ దగ్గర ఎవరూ గాలం వెయ్యకూడదంది.

“మూసేసినట్టు బోర్డేటీ లేదు కదా సిస్టరమ్మా” అన్నాడు పైడిరాజు.

“బోర్డెందుకు? నేనున్నాను కదా.”

పైడిరాజు తలూపాడు. అతనికి పుట్టిన ముగ్గురు పిల్లల్నీ తీసింది ఆవిడే. ఆఖరివాడు అడ్డం తిరిగిన రాత్రి అతను ఆసుపత్రి వరండాలో ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. కాసేపటికి అతను హైమవతి దగ్గరికి వచ్చి, చెవి గోక్కుంటూ, “మేడమ్, అప్పుడు నేను ముప్ఫై కిలోల చేపొకటి రాయించేను. దాన్లో సున్నా తీసెయ్యండి” అన్నాడు.

ఆ తరవాత నెల్లాళ్ళూ హైమవతి రోజూ సాయంత్రం గట్టు మీదికి వచ్చింది. ఎవరికేం పడితే అది చెప్పారు. పడకపోతే పడలేదన్నారు. చిన్నవి వదిలేశామని, ఒకటి వదిలేటప్పుడు చచ్చిపోయిందని కూడా చెప్పారు. ఆ లెక్కలన్నీ ఆమె శుభ్రంగా రాసి చక్రధరం బల్ల మీద పెట్టింది. ఆయన జలుబు తగ్గి అప్పుడే విధుల్లో చేరాడు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం మబ్బు పట్టింది.

“ఇవి నిజమైన అంకెల్లా ఉన్నాయే.”

“నిజమైనవే సార్. వాళ్ళు నన్ను నమ్మి చెప్పారు.”

“ఎప్పుడు నమ్మారు?”

“ఈ నెల్లోనే సార్.”

“ఈ నెలలో నమ్మకం పద్దు కింద మనకు కేటాయింపు లేదు. షామియానా వేయలేదు. బూందీ పంచలేదు. శిక్షకుడు లేడు. ఖర్చు లేకుండా నమ్మకం ఎలా వచ్చినట్లు? రేపు ఎవరైనా అడిగితే నేనేమని చెప్పాలి?”

“తప్పు మనదని చెప్పాను సార్. అంతే.”

చక్రధరం కలం మూత పెట్టేశాడు. ఆయనకి ఆమె మీద కోపం లేదు, భయం వేసింది. ఆ భయంతోనే పైకి రాశాడు. వారం తిరగకుండా హైమవతికి నోటీసు వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా, విధివిధానాలకు విరుద్ధంగా, వ్యక్తిగత హోదాలో ప్రజల నమ్మకాన్ని పొందినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసింది అని దాని సారాంశం.

రాజధాని నుంచి విచారణాధికారి వచ్చాడు. మత్స్యశాఖ ఆఫీసులో పంకా కింద కూర్చుని, ముంజలు తింటూ, హైమవతిని అడిగాడు.

“శాఖ తప్పు చేసిందని మీరు బయటివారితో అన్నారా?”

“అన్నానండీ.”

“ఎవరి ఆదేశంపై అన్నారు?”

“అడిగారండీ. చెప్పాను.”

“ఏ వేళప్పుడు?”

“సాయంత్రమండీ. ఆరు దాటింది.”

“అంటే కార్యాలయ వేళల తరవాత నిజం చెప్పారు” అని ఆయన రాసుకున్నాడు. దీన్ని ఆయన చాలా తీవ్రంగా పరిగణించినట్టు కనబడింది.

తరవాత గాలం వాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచారు. వరండాలో వాళ్ళు అప్పటికే తర్జనభర్జన పడుతున్నారు. హైమవతిని నమ్ముతున్నామంటే అనుమతి లేని నమ్మకం రుజువై ఆమె ఉద్యోగం పోతుంది. నమ్మడం లేదంటే పథకం లక్ష్యం నెరవేరలేదని ఆమె ఉద్యోగం పోతుంది. కోదండపాణి లోపలికి వెళ్ళి, తన వృత్తి పళ్ళ వరకే పరిమితమని చెప్పి బయటికి వచ్చాడు. పైడిరాజు నమ్ముతున్నానని, నమ్మడం లేదని రెండూ చెప్పి, ఏది పనికొస్తే అది రాసుకోమన్నాడు. ఆఖరున ఎస్తేరమ్మ వెళ్ళింది.

“చూడండమ్మా, సూటిగా చెప్పండి. ఈ ఉద్యోగిని మీద మీకు నమ్మకం ఉన్నదా, లేదా?”

“నమ్మకమంటే ఏటో మీ కాగితాల్లో ఎలా రాసుకున్నారో నాకు తెలీదు బాబూ. ఆ పిల్ల అడిగితే నిజం చెప్పేస్తాను. మీరడిగితే కాస్త ఆలోచించి చెప్తాను. దాన్నేటంటారో మీరే రాసుకోండి.”

విచారణాధికారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మాటకి తగిన గడి ఆయన దగ్గర లేదు. చివరికి ‘నమ్మకం ఉన్నట్లుగానీ లేనట్లుగానీ నిర్ధారణ కాలేదు’ అని తేల్చి, ఇకమీదట నిజాలు కార్యాలయ వేళల్లో మాత్రమే చెప్పవలసిందని హైమవతిని హెచ్చరించి, మిగిలిన ముంజలు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాయి. ఏరు ఎర్రగా పొంగి మొగలోంచి సముద్రంలోకి దూకింది. గట్టు ఖాళీ అయిపోయింది. ఒక్క గాలం కర్ర లేదు. సున్నపు గీత వానకి కరిగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పథకం ఫలితాలు చూడటానికి పై అధికారులు వస్తున్నట్టు కబురొచ్చింది. చక్రధరం జీపు వేసుకుని గట్టు చూడటానికి వెళ్ళి, కంగారుగా వెనక్కి వచ్చాడు.

“ఎవరూ లేరేమిటి హైమవతి గారూ?”

“గుడ్ల కాలం సార్. వాళ్ళంతట వాళ్ళే మానేశారు.”

“మనం నిషేధించకుండా ఎలా మానేస్తారు? వచ్చినవారికి నేనేం చూపించాలి? గట్టు మీద మనిషి లేకపోతే శాఖ మీద నమ్మకం లేక వెళ్ళిపోయారంటారు. నూరు శాతం అని రాసి పంపాను.” ఆయన గొంతులో ఏడుపు వినిపించింది. అయినా చేతులు అలవాటు ప్రకారం ఉత్తర్వు రాశాయి. నమ్మక పత్రం పొందిన ప్రతి సభ్యుడూ సోమవారం ఉదయం గట్టు మీద హాజరై గాలం వేసి తీరాలి. వేయనివారి పత్రం రద్దవుతుంది. సగానికి మించి గైరుహాజరైతే గట్టును శాశ్వతంగా మూసివేస్తారు.

ఆ ఉత్తర్వు పట్టుకుని హైమవతి ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ వసారాలో కూర్చుని గొడుగు ఊచకి దారం కడుతోంది. హైమవతి చదివి వినిపించి, కాగితం మడిచేసింది.

“నేను వెయ్యమని చెప్పలేనమ్మా. వెయ్యొద్దని చెప్పినా గట్టు పోతుంది.”

“నువ్వేం చెప్పకు. చెప్తే మళ్ళీ నోటీసిస్తారు.” ఆవిడ దారం కొరికి ముడి బిగించింది. “సోమవారం వస్తాం. అందరం వస్తాం. వేస్తాం.”

హైమవతి ఆవిడ ముఖంలోకి చూసింది. ఇంకేమైనా అడగాలనిపించింది. అడగకుండా తడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న సన్నని వాన పడుతోంది. గాలం వాళ్ళు ఒక్కరు తక్కువ కాకుండా వచ్చారు. రెయిన్‌కోట్లు, గొడుగులు, నెత్తి మీద గోనె సంచులు వేసుకుని, కర్రలు పట్టుకుని గట్టు పొడుగునా బారులు తీరి కూర్చున్నారు. పై అధికారులు జీపుల్లోంచి దిగకుండానే అద్దాల్లోంచి చూసి ముచ్చటపడ్డారు. ఫోటోగ్రాఫరు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తీశాడు. ఇంత వానలో కూడా ఇంత నమ్మకమా అని వాళ్ళలో పెద్దాయన అన్నాడట.

హైమవతి రాళ్ళ మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వరస వెంట నడిచింది. పైడిరాజు ఎర సరిచూసుకుంటున్నట్టు దారం పైకి లాగి, మళ్ళీ విసిరాడు. విసిరేటప్పుడు దారం చివర ఆమెకి స్పష్టంగా కనబడింది. సీసపు గుండు ఉంది, గాలపు ముల్లు లేదు. పక్కన కోదండపాణి దారానికి కూడా లేదు. ఆయన గుండుని పన్ను కట్టినంత నాజూగ్గా కట్టుకున్నాడు. ఆ పక్క మనిషికీ లేదు. ఒకడు గుండు కూడా మరిచిపోయి ఉత్త దారమే నీళ్ళలో వదిలి, ఎంతో ఏకాగ్రతతో చూస్తున్నాడు. ఎవరూ ఆమెవైపు తల తిప్పలేదు. కింద ఎర్రనీళ్ళలో రాళ్ళని ఒరుసుకుంటూ వెడల్పాటి తోక ఒకటి మెల్లగా దొర్లి, లోపలికి వెళ్ళిపోయింది.

హైమవతి అక్కడే నిలబడి ముఖం మీద వాన తుడుచుకుంది. తుడుచుకున్నది వాన ఒక్కటే కాదు.

చక్రధరం జీపులున్నవైపు నుంచి గట్టు చివరకి వచ్చాడు. నీటి దగ్గరికి మరీ రాకుండా, రెండు రాళ్ళ ఇవతల ఆగాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారు కాబోలు, ముఖం తేటగా ఉంది. ఎస్తేరమ్మ దగ్గర వంగి, ఉత్తర్వుల భాష ఎక్కడో వదిలేసి వచ్చినవాడిలా అడిగాడు.

“ఏమైనా పడ్డాయా అమ్మా?”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

“లేదు బాబూ. ఏమీ పడలేదు.”

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏ కాగితమూ అడగలేదు, ఎవరి ధ్రువీకరణా అడగలేదు.

“మీరు చెప్తే నమ్ముతానమ్మా” అన్నాడు.

ఆయన తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మొన్నటి జలుబు ఇంకా పూర్తిగా వదిలినట్టు లేదు. ఎస్తేరమ్మ రాయి మీద కొంచెం పక్కకి జరిగి, ఆయన కూర్చోవడానికి చోటిచ్చి, గొడుగు ఆయనవైపు వంచింది.